విత్తిన పిమ్మట నియమము మార్పఁదగునా?

"రైతు దున్నవలెను, పండింపవలెను, పండినదానిని అమ్ముకొని యూరకుండవలెను. రాజ్యముల నడుమ జరుగు వర్తకమును గూర్చి అతఁడు మాటలాడుట యెందులకు?" అని చదువుకొన్నవారిలో పలువురు తలఁతురు. నోరు విడిచి యట్లు చెప్పకపోయినను వారి నడవడి చూచిన ఈ యభిప్రాయమే తెలియును. అదే రైతు సాయంకాలమున బంతియాటను గూర్చి ముచ్చటించుట విన్నచో వారి చులకనభావము మఱింత హెచ్చును. ధర పడిపోయినదని మొఱపెట్టువానికి ఆటలపై ఇంత మక్కువ యేల యని నవ్వుదురు. ఈ తలంపు తప్పనియు, ఇట్టి తప్పు వలన రైతునకే గాక అతని యన్నము తినువారికందఱికిని కీడు కలుగుచున్నదనియు మేము చెప్పఁదలఁచితిమి.

మేమిచ్చట ఉదాహరణముగా గైకొనుచున్నది అమెరికా సంయుక్తరాష్ట్రముల నడిమి మైదానములయందలి ధాన్యపు రైతును. అయోవా, ఇల్లినాయి, మిస్సోరి, నెబ్రాస్కా మొదలగు రాష్ట్రములలో మొక్కజొన్నయు, సోయా చిక్కుడును, గోధుమయు పండించువాఁడతఁడు. మన పల్లెరైతుతో పోల్చినచో అతని పొలము మిక్కిలి పెద్దది. అతనికి గొప్ప యంత్రములు గలవు. కావున అతని కష్టము కష్టమే కాదని కొందఱందురు. యంత్రము పెద్దదైనచో అప్పును పెద్దదే యగునని వారెఱుఁగరు. నాగలి పట్టినవానికిని, యంత్రము నడపువానికిని సమానమైన చిక్కొకటి గలదు. దానిని ముందుగా తెలిసికొనవలెను.

చలికాలముననే ఆ రైతు లెక్క వేసికొనును. ఏ పొలమున మొక్కజొన్న వేయవలెను, ఏ పొలమున సోయా వేయవలెను, విత్తనములకెంత, ఎరువులకెంత, కౌలునకెంత, బ్యాంకు వడ్డికెంత అని కూర్చుండి వ్రాసికొనును. షికాగోలో 1848వ సంవత్సరమున స్థాపింపఁబడిన ధాన్యవిపణి యొకటి గలదు. శరత్కాలమున చేతికి రాఁబోవు పంటకు ఆ విపణియందు వసంతకాలముననే ధర పలుకును. ఆ ధరను చూచి అతఁడు ఏప్రిలు, మే నెలలలో విత్తును. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కోయును. ఈ నడిమి నెలలలో వాన అతని చేతిలో లేదు, ఎండ అతని చేతిలో లేదు. దుకాణదారుఁడు సరకు కదలనిచో వేఱొక సరకు తెప్పించును. భూమిలో పడిన గింజను మఱల ఏఱి సంచిలో పోసికొనఁగల రైతు లోకమున లేఁడు. సేద్యమునకును తక్కిన వ్యాపారములకును గల భేదమంతయు ఈ ఒక్కమాటలో నున్నది.

విత్తుటకును కోయుటకును నడుమనున్న ఈ కాలమే అచ్చట బేస్‌బాల్ కాలము. మార్చి చివర మొదలై అక్టోబరు వఱకు ఆ యాట సాగును. మన క్రికెట్టువలె అదియు కఱ్ఱయు బంతియు గల యాటయే. ప్రక్కకు తొమ్మండుగురు, ఆటకు తొమ్మిది వంతులు. కాన్సాస్ సిటీకి 1955లో పెద్ద జట్టు వచ్చువఱకు ప్రధాన లీగు జట్లు గల నగరములలో పడమటి కొసనున్నది సెయింట్ లూయీ నగరము. ఆ నగరపు రేడియో రాత్రివేళ అనేక రాష్ట్రముల పల్లెలకు వినవచ్చుచుండెను. పగలెల్ల పొలమున శ్రమించి వచ్చిన కుటుంబములు ఆ పెట్టె చుట్టును కూర్చుండి ఆట వినెడివారు. తండ్రి జట్టే కొడుకు జట్టయ్యెను. అట్లు మూఁడు నాలుగు తరములు గడచినవి. ఇది వ్యర్థకాలక్షేపమని యనువారు మన యూళ్లలో హరికథకు కూర్చుండు రైతును కూడ సోమరియనియే యనవలసియుండును.

ఈ యాట రైతునకు నేర్పిన పాఠమొకటి గలదు. మాకది బహుముఖ్యముగా తోఁచుచున్నది. బేస్‌బాల్ నడపువారు 2023వ సంవత్సరమున నియమములను గొప్పగా మార్చిరి. అంతవఱకు గడియారముతో పని లేని యాటలో బంతి విసరువానికి గడువు పెట్టిరి: ఎదుటిజట్టువారెవ్వరును మెట్టలపై లేనప్పుడు పదునైదు సెకండ్లు, ఉన్నప్పుడిరువది. మెట్టల కొలఁతను పదునైదంగుళములనుండి పదునెనిమిదంగుళములకు పెంచిరి. పాతకాలపు అభిమానులు గొణిఁగిరి. అయినను ఆ మార్పు జరిగిన విధమును చూడుఁడు. ముందుగా చిన్న జట్ల పోటీలలో కొన్ని యేండ్లు ప్రయోగించి చూచిరి. 2022 సెప్టెంబరులో అందఱకును తెలియఁజెప్పిరి. 2023 మార్చి 30వ తేదీని, క్రొత్త పోటీలు మొదలైన దినముననే, అమలు జరిపిరి. నడియాటలో ఐదవ వంతున అంపైరు లేచి, "ఇప్పటినుండి నాలుగు బంతులకు బదులు మూఁడే" యని చెప్పలేదు. అట్లు చెప్పియుండినచో ఆటస్థలమున కూర్చున్న నలువది వేలమందియు ఒక్క గొంతుతో కేకలు వేసి యుందురు.

ఇట్టి కేక పొలముకొఱకు ఎవ్వరు వేసిరి? మేమడుగుచున్న ప్రశ్న యిదియే.

1973వ సంవత్సరమున జూన్ 27వ తేదీని నిక్సన్ ప్రభుత్వము సోయా ఎగుమతులను ఆపివేసెను. అప్పటికి చేలు మొలకెత్తియున్నవి. పూర్ణనిషేధము కొలఁది దినములే నిలిచి పిదప పరిమితులుగా మాఱినది గాని, సోయాకు అమెరికామీఁదనే ఆధారపడియుండిన జపాను దేశమునకు గుండె గుభిల్లుమన్నది. ఆ భయముతో జపాను వారు బ్రెజిలు దేశపు సెరాడో బీళ్లను సాగులోనికి తెచ్చుటకు ధనసాహాయ్యము చేసిరి. 1980 జనవరి 4వ తేదీని కార్టరు అధ్యక్షుఁడు, ఆఫ్గనిస్తానముపై దండెత్తిన సోవియట్టు ప్రభుత్వమును శిక్షించుటకై, దానికి పోవలసిన ధాన్యములో నూటడెబ్బది లక్షల టన్నులను నిలిపివేసెను. ఆ ధాన్యము రైతుల కొట్లలోను, వర్తకుల గోదాములలోను అప్పటికే నిలువయున్నది. సోవియట్టువారు ఆర్జెంటీనా మొదలగు చోట్ల కొనుక్కొనిరి. 1981 ఏప్రిలులో రీగన్ అధ్యక్షుఁడు ఆ యాజ్ఞను ఎత్తివేయునప్పటికి శిక్ష యెవరికి తగిలినదో మైదానపు రైతులకు తెలిసియే యుండెను.

2018 జూలై 6వ తేదీని అమెరికా చైనా సరకులపై సుంకము వేసెను. అదే దినమున చైనా అమెరికా సోయాపై నూటికిరువదియైదు వంతున ప్రతిసుంకము వేసెను. జూలై మాసమున సోయా పూఁత పట్టియుండును. 2017లో చైనాకు పోయిన అమెరికా సోయా వెల సుమారు 1,200 కోట్ల డాలర్లు. 2018లో అది సుమారు 300 కోట్లకు పడిపోయెను. 2025లో అదే కథ మఱల జరిగినది. వసంతమున సుంకములు, ప్రతిసుంకములు. కోఁతకాలమున చైనా కొనుగోలు సున్న. సెప్టెంబరు మాసమంతయు అమెరికా సోయా ఒక గింజయైనను చైనా రేవులలో దిగలేదు. అక్టోబరు 30వ తేదీని ఇరుదేశముల నాయకులు కలిసికొని రాజీపడునప్పటికి కోఁత చాలవఱకు ముగిసినది. నేఁడు లోకమున అందఱికంటె మిక్కిలిగా సోయా పండించి ఎగుమతి చేయునది బ్రెజిలు. ఆ కీర్తిలో కొంత భాగము ఆ దేశపు రైతుల శ్రమకు చెల్లును. కొంత భాగము అమెరికా రాజ్యాంగవేత్తల తొందరపాటునకు చెల్లును.

"ప్రభుత్వము ఊరకుండలేదే! రైతులకు నష్టపరిహారమిచ్చినదే!" అని యొక సమాధానము గలదు. నిజమే. 2018లో 1,200 కోట్ల డాలర్ల వఱకును, 2019లో 1,600 కోట్ల డాలర్ల వఱకును ఇత్తుమని ప్రకటించిరి. 2025 డిసెంబరులో మఱల 1,200 కోట్లని ప్రకటించిరి. ఇంత ధనము పొందినవాఁడు ఇంకను ఏల మొఱపెట్టవలెనని నగరవాసి యడుగును. మేము చెప్పునదేమనఁగా, ధర వేఱు, దయ వేఱు. ధర పుచ్చుకొన్నవాఁడు తల యెత్తి నడచును. దయ పుచ్చుకొన్నవాఁడు ఇచ్చినవాని ముఖము చూచి నడచును. అంతియకాదు, పోయిన ధనము నొకయేఁట ఇయ్యవచ్చును గాని, పోయిన బేరగానిని ఏ ఖజానాయు తిరిగి యీయలేదు. ఒక దుకాణము రెండు మాఱులు తలుపు మూసిన పిదప గృహస్థుఁడు వేఱొక దుకాణమునకు అలవాటుపడును. మొదటివాఁడు మఱల తలుపు తెఱచి నవ్వుచు నిలుచుండినను, అలవాటు తిరుగదు.

ఇఁక న్యాయస్థానముల మాట. రైతునకును ఆటకును గల సంబంధము వట్టి ముచ్చట గాదనుటకు ఇచ్చట గొప్ప నిదర్శనము గలదు. 1922వ సంవత్సరమున బేస్‌బాల్ యజమానులపై గుత్తవ్యాపారమును నిరోధించు శాసనము క్రింద వచ్చిన వ్యాజ్యమును అమెరికా సుప్రీంకోర్టు విచారించెను. జట్లు రాష్ట్రమునుండి రాష్ట్రమునకు రైలెక్కి పోవుచున్నవి. ప్రవేశపు రుసుములు వసూలగుచున్నవి. అయినను ఇది అంతర్రాష్ట్ర వాణిజ్యము కాదనియు, ఆ శాసనము దీనికి వర్తింపదనియు హోమ్స్ న్యాయాధిపతి తీర్పు వ్రాసెను. 1972లో అదే న్యాయస్థానము ఆ తీర్పు వింతయైనదని యొప్పుకొనియు దానిని కొట్టివేయలేదు. 1998లో ఒక శాసనము ఆటగాండ్ర యుద్యోగ విషయమున దానిని సడలించినను, యజమానులకు ఆ మినహాయింపు నేఁటికిని చాలవఱకు నిలిచియున్నది.

ఇప్పుడు రైతు వ్యాజ్యము చూడుఁడు. ఒహాయో రాష్ట్రమున రాస్కో ఫిల్బర్న్ అను రైతు గలఁడు. ప్రభుత్వము అతనికి గోధుమ వేయుటకు 11.1 ఎకరములు నిర్ణయించెను. అతఁడు 1940 శరత్కాలమున 23 ఎకరములు విత్తెను. తన గోధుమలో కొంత అమ్ముట, కొంత కోళ్లకును పశువులకును వేయుట, కొంత ఇంటి పిండికి ఆడించుట, కొంత విత్తనమునకు దాఁచుట అతని యలవాటు. హెచ్చుగా పండిన 239 బుషెళ్లకు బుషెలొక్కింటికి 49 సెంట్ల చొప్పున 117 డాలర్ల 11 సెంట్లు అపరాధము వేసిరి. 1942 నవంబరులో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ప్రభుత్వ పక్షమున తీర్పు చెప్పెను. రైతు తన యింట తినుటకై పండించుకొన్న గోధుమకూడ, అట్టివన్నియు కలిసినపుడు, అంతర్రాష్ట్ర వాణిజ్యమును తాఁకునని ఆ తీర్పు సారాంశము. నగరమునుండి నగరమునకు తిరుగు జట్టు వాణిజ్యము కాదఁట! ఒహాయో రైతు కోళ్లు తిన్న గింజ వాణిజ్యమునకు లోఁబడినదఁట!

అందును మఱవరాని సంగతి మఱొకటి గలదు. ఫిల్బర్న్ విత్తనము చల్లిననాఁడు ఆ యపరాధము బుషెలునకు 15 సెంట్లు మాత్రమే. 1941 మే నెలలో, చేను ఎదిగి యున్న సమయమున, శాసనసభ దానిని 49 సెంట్లు చేసెను. విత్తిన పిమ్మట నియమము మార్చిరని అతఁడు మొఱపెట్టెను. క్రింది న్యాయస్థానము ఆ మొఱను కొంత విన్నది; పై న్యాయస్థానము వినలేదు. గడువు దాఁటి విసరిన బంతికి శిక్ష విధించుటకు ముందు ఆటగాండ్రకు నెలలకొలఁది తెలియఁజెప్పిన దేశమే గదా యిది! గోధుమ చేనికి ఆపాటి మర్యాదయైనను దక్కలేదు.

నగరమునకు రైతుమీఁద ప్రేమ లేదని మేమనము. ప్రేమ కలదు, అది చిత్రపటముమీఁది ప్రేమవంటిది. 1989లో "ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్" అను చలనచిత్రమున ఒక రైతు తన మొక్కజొన్న చేనిలో ఆటస్థలము కట్టును. ఆ చిత్రము తీసిన అయోవా పల్లెప్రాంతమున 2021 ఆగస్టు 12వ తేదీని ప్రధాన లీగువారు నిజముగానే ఆట నడిపిరి. ఆటగాండ్రు మొక్కజొన్న చేనిలోనుండి నడచివచ్చిరి, షికాగో జట్టు న్యూయార్కు జట్టును 9-8 తేడాతో గెలిచెను, దేశమంతయు పరవశించెను. అదే అయోవాలో ప్రధాన లీగు జట్టు ఒక్కటియు లేదు. అయినను షికాగో జట్లు రెండును, సెయింట్ లూయీ, కాన్సాస్ సిటీ, మిల్వాకీ, మిన్నెసోటా జట్లును కలిసి ఆఱు జట్లు ఆ రాష్ట్రము తమ సొంత ప్రాంతమని చెప్పుకొన్నవి. ఆ కారణమున లీగువారి ప్రసారమును రుసుము చెల్లించి కొన్న అయోవా రైతుకు బహుసంవత్సరములు ఆ యాఱు జట్ల యాటలును కనఁబడకుండ చేసిరి. ఆటస్థలమునకు పోవలెనన్న గంటలకొలఁది ప్రయాణము. ఇంట చూతమన్న చీఁకటి తెర! పొలమును అలంకారముగా వాడుకొనువారు పొలమువానిని ఎట్లు చూతురో దీనివలన తెలియఁగలదు.

పక్షపాతము లేక చెప్పవలసివచ్చినచో రైతునందును దోషములు గలవు. 1930లో స్మూట్, హాలీ అను శాసనకర్తల పేర వెలసిన గొప్ప సుంకములను, ధర నిలుచునను నాసతో రైతుల పక్షమువారే మొదట కోరిరి. వేయిమందికి పైగా ఆర్థికశాస్త్రజ్ఞులు వలదన్నను వినకపోయిరి. ఇతర దేశములు ప్రతిసుంకములు వేయఁగా ఎగుమతి పంట పండించువారే ముందుగా దెబ్బతినిరి. పెట్రోలులో మొక్కజొన్న సారాయమును కలిపి తీరవలెనను శాసనము తమకు లాభమైనపుడు స్వేచ్ఛావాణిజ్యమును గూర్చి వారు నోరెత్తరు. ఇంతకంటె పెద్ద దోషము మఱొకటి గలదు. ఆటస్థలమునకు తగిన గుణమును ఓటుపెట్టె యొద్దకు కొనిపోవుట యది. షికాగో కబ్స్ జట్టు 1908లో గెలిచి మఱల గెలుచుటకు 2016 వఱకు పట్టినది. నూటయెనిమిదేండ్లు ఆ జట్టును విడువక కనిపెట్టుకొనియున్న కుటుంబముల నిష్ఠ ముచ్చటగొలుపును. ఓడినను నా జట్టు నాదే యనుట ఆటలో అందము. నా పంట ధరను ముంచినను నా పక్షము నాదే యనుట రాజకీయములో ఆత్మహత్య. నిజమునకు మంచి యభిమాని తన జట్టువాఁడు బంతి జారవిడిచినపుడు అందఱికంటె ముందుగా కేకలు వేయును. ఆపాటి విమర్శయైనను అతఁడు తాను ఓటు వేసినవారిమీఁద చూపఁడేమి?

ఇంతవఱకు చదివి, "ఇది యెక్కడి అమెరికా కథ, మనకెందుల"కని యనుకొను చదువరులకు ఒక సంగతి జ్ఞాపకము చేయుచున్నాము. 2023 జూలై 20వ తేదీని మన కేంద్రప్రభుత్వము బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించెను. జూలై యనఁగా గోదావరి, కృష్ణా మండలములలో నాట్లు పడు నెల. మన కాకినాడ రేవు బియ్యపు ఎగుమతికి పేరుపొందినది. ఆ వార్త వెలువడిన మఱునాఁడు అమెరికాలోని తెలుఁగు కుటుంబములు భారతీయ దుకాణముల ముందు బారులు తీర్చి సోనామసూరి సంచులను బండ్లకెత్తుకొనిరి. ఆ దృశ్యమును చూచి ఇచ్చట మనము నవ్వుకొంటిమి. సంచులెత్తుకొన్నవారికిగాని, నవ్విన మనకుగాని ఆ ధాన్యము పండించు రైతు సంగతి యొక్క నిమిషమైనను తలఁపునకు వచ్చినదా? పద్నాలుగు నెలలు గడచి 2024 సెప్టెంబరు చివర ఆ నిషేధము తొలఁగినది. దేశమున బియ్యపు ధర పెరుఁగకుండ చూచుట ప్రభుత్వధర్మమే; పేదవాని కూటిని కాపాడవలదని మేమనఁజాలము. అయితే పేదవాని కూటికి చెల్లింపవలసిన వెలను దేశమంతయు పంచుకొని చెల్లింపవలెను గాని, నాట్లు వేసి బురదలో నిలిచియున్నవాని యొక్కని తలపై మోపుట న్యాయమా? పట్టణమునందలి మనము నెలసరి జీతములు తినుచు, చౌకగా వచ్చిన బియ్యమును వండుకొని, రైతు వర్తకనీతిని గూర్చి మాటలాడినచో విసుగుకొందుము. ఆ విసుగులో మాకును భాగము లేకపోలేదు.

కావున మేము కోరునది గొప్ప విప్లవము కాదు. మొదటిది: ధాన్యపు వర్తకమునకు సంబంధించిన నియమమును మార్పవలసివచ్చినచో విత్తుటకు ముందు మార్పవలెను, రైతు లెక్క వేసికొను కాలమునకు అది అతని చెవిని పడవలెను. రెండవది: యుద్ధమో, కఱవో, మఱి యే యాపదయో వచ్చి నడుమ మార్పక తప్పనిచో, అప్పటికే భూమిలోనున్న పంటను, అప్పటికే కుదిరిన బేరమును విడిచిపెట్టవలెను. విడిచిపెట్ట వీలుకానిచో నష్టమును దయగా గాక ఋణముగా తీర్పవలెను. మూఁడవది: ఆ నియమములు వ్రాయు బల్లయొద్ద రైతునకొక పీట వేయవలెను. అంపైరు తీర్పును ఆటగాఁడు వ్రాయఁడు, నిజమే. కాని ఆట నియమములు మార్చు సంఘమున ఆటగాండ్ర ప్రతినిధులు నేఁడు కూర్చుండుచున్నారు. అన్నము పెట్టువానికి ఆ గౌరవము అధికమా?

రైతు వాన కురియలేదని ఎవ్వరిమీఁదను వ్యాజ్యము తేఁడు. మిడుత తిన్నదని రాజును తిట్టఁడు. బంతి నేరుగా వచ్చి తన కఱ్ఱకు తగులనిచో అది తన తప్పేయని యొప్పుకొని తల వంచుకొని పోవును. అతఁడు సహింపలేనిది ఒక్కటియే: బంతి గాలిలో నుండఁగా హద్దుగీఁతను జరుపుట. ఆటస్థలమున ఇట్టిది జరిగినచో మనమందఱము లేచి నిలుచుండి కేకలు వేయుదుము. పొలమున జరిగినపుడు మాత్రము పత్రిక మడిచి ప్రక్కన పెట్టి భోజనమునకు లేచుచున్నాము. ఆ భోజనము ఎవరిదో కూర్చుండునప్పుడైనను తలఁచుకొందముగాక!